మా గుర్రం, మా గాడిద చూడి కట్టిన ఏడాది

పిల్ల కోసం మా ఆడ గుర్రాన్ని దాటించబోతున్నామని, అంటే మగ గుర్రంతో జత కట్టించబోతున్నామని తెలిసినప్పటి నుంచి మా ఇంటికి వచ్చినవాళ్లంతా అడిగింది మగ గుర్రం గురించే. ఎవరిది, ఎంత ఎత్తు, ఏ రంగు, ఏ జాతి, కతియావారీనా మార్వాడీనా, చెవుల కొనలు కలుస్తాయా, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయి. అన్నీ అడిగారు. ఆడ గుర్రం గురించి ఒక్కరూ అడగలేదు. అది ఎన్ని రోజులకోసారి ఎదకు వస్తుంది, ఎద ఎన్నాళ్లుంటుంది, గర్భసంచి శుభ్రంగా ఉందా, ఒంట్లో కండ ఎంత ఉంది అన్న మాటే రాలేదు. మగ గుర్రం పని కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. ఆడ గుర్రం పదకొండు నెలలు మోయాలి, ఆ తర్వాత ఆరు నెలలు పాలివ్వాలి. పిల్ల నిలవకపోతే మాత్రం నింద దాని మీదే పడుతుంది. ఈ అన్యాయం నాకు మొదటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే మా దొడ్లో జరిగినదంతా ఆడ గుర్రం వైపు నుంచి రాస్తున్నాను.

మాది పరకాల దగ్గర పల్లె. తాతల కాలంలో చెరువుకు బట్టల మూటలు మోసిన గాడిదల సంతతిలో ఒక ఆడ గాడిద ఇంకా మా దగ్గర ఉంది. ఒళ్లంతా బూడిద రంగు, అందుకే దాన్ని బూది అంటాం. మా బాపు ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తోలుకెళతాడు. హనుమకొండ, వరంగల్, కాజీపేట దాకా వెళతాడు. వాటిలో తెల్ల ఆడ గుర్రం మల్లె. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఆ చదువులో కప్ప, బొద్దింక గురించి ఉన్నంత వివరంగా గుర్రం గురించి లేదు. నేర్చుకున్నదంతా మాకు సాయం చేసిన డాక్టరమ్మ దగ్గర, మల్లె దగ్గర, బూది దగ్గర.

డాక్టరమ్మ మొదట చెప్పిన పని దాటించడం కాదు, రక్త పరీక్ష. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలకు వస్తుంది. ముక్కు వెంట చీము, చర్మం మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో గడ్డలు. అది మనుషులకూ అంటుకుంటుంది. జబ్బు ఉందని తేలిన జంతువును చట్టం ప్రకారం చంపి పూడ్చాల్సిందే, చికిత్స చేయరు. ఈ జబ్బుకు దేశంలో పరీక్షలు చేసే ప్రధాన సంస్థ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. దాంతోపాటు గుర్రాల రక్తహీనత వైరస్, సర్రా పరీక్షలు కూడా చేయించాం. సర్రా ఈగల వల్ల వ్యాపించే జబ్బు, మన వైపు పశువుల్లోనూ కనిపిస్తుంది. కరీంనగర్ వైపున్న మగ గుర్రం యజమాని మొదట నొచ్చుకున్నాడు. ‘‘మా గుర్రానికి రోగమా అన్నా?’’ అని బాపును నిలదీశాడు. బాపు మెల్లగా, ‘‘మా దానికీ చేయిస్తున్నాం తమ్ముడూ, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుందాం’’ అన్నాక ఒప్పుకున్నాడు.

మగ గుర్రం విషయంలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఒకటే నాకు బాగా గుర్తుంది: గత రెండు నెలల్లో దానికి జ్వరం వచ్చిందా? వీర్యకణం తయారవడానికి గుర్రంలో సుమారు 57 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు చూస్తున్న వీర్యం రెండు నెలల కిందటి ఆరోగ్యానికి ఫలితం. గుర్రం ఇప్పుడు నిగనిగలాడుతున్నా, అప్పుడు గట్టి జ్వరం వచ్చి ఉంటే కణాలు దెబ్బతిని ఉండవచ్చు. ఎత్తు, రంగు, సుడులు అడిగేవాళ్లు ఈ ప్రశ్న అడిగితే ఎంత బాగుండేది!

గుర్రం పగటి వెలుతురును బట్టి ఎదకు వచ్చే జంతువు. పగలు పెరుగుతున్న కాలంలో అండాశయాలు చురుకవుతాయి, పగలు తగ్గే కాలంలో మందగిస్తాయి. చలి దేశాల్లో శీతాకాలమంతా చాలా గుర్రాలకు ఎద ఉండదు. అందుకే అక్కడ పాకలో రాత్రిపూట దీపాలు వెలిగించి, పగటిని 16 గంటలకు పెంచి, ముందుగా ఎదకు తెప్పిస్తారు. మన వరంగల్‌లో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా సుమారు రెండు గంటలే కనుక ఆ కట్టుబాటు అంత గట్టిగా ఉండదు, మేపు బాగుంటే చలికాలంలోనూ ఎద కనిపిస్తుంది. అయినా మల్లె విషయంలో సంక్రాంతి దాకా ఎద సరిగా లేదు. శివరాత్రి తర్వాత కుదురుగా రావడం మొదలైంది. బాపుకు ఈ కాలమే నచ్చింది. ఫాల్గుణంలో దాటిస్తే మాఘంలో ఈనుతుంది, ఎండలు ముదిరేలోపు పిల్ల గట్టిపడుతుంది. కానీ మాఘ ఫాల్గుణాలంటే పెళ్లిళ్ల కాలం. ఈ ఏడాది దాటించే రోజుల్లోనూ, వచ్చే ఏడాది ఈనే రోజుల్లోనూ మల్లె ఊరేగింపులకు వెళ్లదు. ఊరేగింపుల మీద బతికే ఇంటికి అది చిన్న నష్టం కాదు. బాపు ఆ లెక్క అంతా వేసుకుని కూడా సరే అన్నాడు.

గుర్రం ఎద చక్రం 21, 22 రోజులు. అందులో ఎద ఐదు నుంచి ఏడు రోజులు. ఆవు ఎద ఒక్క రోజులోపే ముగిసిపోతుంది కాబట్టి ఆవుల లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఎదలో లేని మల్లె దగ్గరికి మగ గుర్రాన్ని కంచెకు అవతల తెచ్చి నిలబెడితే చెవులు వెనక్కి మడిచి, కీచుమని అరిచి, వెనక కాళ్లతో తన్నేది. ఎద వచ్చాక అదే మల్లె తోక పక్కకు ఎత్తి, వెనక కాళ్లు కొంచెం వంచి, కొద్దికొద్దిగా మూత్రం వదులుతూ, యోని పెదాలను మాటిమాటికీ తెరుస్తూ మూస్తూ నిలబడేది. మధ్యలో తప్పకుండా కంచె ఉండాలి. తన్ను తగిలితే మగ గుర్రానికి శాశ్వతంగా భయం పట్టుకోవచ్చు.

బయటి లక్షణాలు ఎద వచ్చిందని చెబుతాయి గానీ అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పవు. ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు అది జరుగుతుంది, కానీ ఎద ఎప్పుడు ముగుస్తుందో ముందుగా తెలిసేదెలా? స్కానింగే దారి. మల్లెను రెండు నిట్రాటల మధ్య నిలబెట్టి, తోకను గుడ్డతో చుట్టి పక్కకు కట్టి, డాక్టరమ్మ భుజం దాకా తొడుగు వేసుకుని మలద్వారం గుండా చెయ్యి పెట్టి, చేతిలోని చిన్న పరికరాన్ని గర్భసంచి మీద ఆనించింది. చిన్న తెర మీద మొదట నాకు బూడిద రంగు మరకలు తప్ప ఏమీ తెలియలేదు. ఆమె వేలు పెట్టి చూపించాక గర్భసంచి కనిపించింది. ఎద వల్ల లోపలి మడతల్లో నీరు చేరి, బత్తాయిని అడ్డంగా కోసినట్టు తొనలు తొనలుగా ఉంది. దాని పక్కన నల్లటి గుండ్రటి సంచి, అందులోనే అండం. రోజుకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. 35 మిల్లీమీటర్లు దాటి, మెత్తబడి, గుండ్రటి ఆకారం కోల్పోతుంటే విడుదల దగ్గరపడిందని అర్థం.

ఇక్కడే నన్ను అబ్బురపరిచిన సంగతి ఒకటుంది. ఆవు అండాశయంలో అండాలుండే పొర పైభాగంలో ఉంటుంది, అండం ఉపరితలం మీద ఎక్కడినుంచైనా బయటపడవచ్చు. గుర్రానికి ఆ పొర లోపలి వైపు ఉంటుంది. అండం బయటికి రావడానికి ఒకే ఒక గుంట, దాని గుండానే రావాలి. అందువల్ల గుర్రం అండాశయం చిక్కుడు గింజ ఆకారంలో, ఒక పక్క నొక్కుతో ఉంటుంది. నేను పరీక్షల కోసం గీసిన అండాశయం బొమ్మల్లో ఇది లేనే లేదు.

ఇంకో సంగతి. గుర్రం అండం విడుదలయ్యాక కొద్ది గంటలే పనికొస్తుంది, మగ గుర్రం వీర్యకణాలు మాత్రం ఆడ గుర్రం లోపల రెండు రోజులకు పైగా బతకగలవు. కనుక వీర్యం ముందే వెళ్లి అండం కోసం ఎదురుచూడాలి. రోజు విడిచి రోజు దాటించడంలోని కారణం అదే. గడ్డకట్టించిన వీర్యమైతే అంత ఓపిక పట్టదు, అండం విడుదలైన కొద్ది గంటలకు అటూ ఇటూగా వేయాలి, దానికి రాత్రీ పగలూ స్కానింగ్ చేసే మనిషి కావాలి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన వీర్యం, పిండ మార్పిడి ఇవన్నీ మన దేశంలోనూ ఉన్నాయి. బికనీర్‌లో 2023లో పిండ మార్పిడితో మార్వాడీ పిల్ల పుట్టింది, దానికి రాజ్ ప్రథమ అని పేరు పెట్టారు. మా పల్లెకు ఆ సదుపాయం లేదు. దగ్గరలో ఆరోగ్యంగా ఉన్న మగ గుర్రం ఉంది. అందుకని సహజంగానే దాటించాం.

సంచి 35 మిల్లీమీటర్లు దాటగానే డాక్టరమ్మ ఒక హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చింది. దాంతో ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల్లో అండం విడుదలవుతుంది. మల్లె వెనక భాగాన్ని సబ్బు లేకుండా మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చాం. సబ్బు వీర్యకణాలకు విషం. మగ గుర్రం ఎక్కాక బాపు దాని తోకనే చూస్తున్నాడు. వీర్యం వదిలేటప్పుడు గుర్రం తోకను లయగా పైకీ కిందికీ ఊపుతుంది, ఆ ఊపు కనిపించకపోతే పని జరగనట్టే. బాపుకు ఇది ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటి నుంచి గుర్రాల మధ్య ఉండి తెలుసుకున్నాడు. డాక్టరమ్మ ఆ మాట విని, ‘‘మా చదువులోనూ ఇదే ఉంది పెద్దాయనా’’ అంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాతి స్కానింగులో నల్లటి సంచులు పోయి, వాటి స్థానంలో రెండు పచ్చగడ్డలు కనిపించాయి. పచ్చగడ్డ అంటే అండం విడుదలయ్యాక మిగిలిన చోట తయారయ్యే కణజాలం. గర్భాన్ని నిలిపే ప్రోజెస్టెరాన్ హార్మోన్ అక్కడే పుడుతుంది. రెండు గడ్డలంటే రెండు అండాలు విడుదలైనట్టే. డాక్టరమ్మ ముఖంలో ఉత్సాహం బదులు ఆలోచన కనిపించింది. ‘‘14వ రోజు తప్పకుండా చూడాలి, 16వ రోజు దాటనివ్వకూడదు’’ అని గోడ మీది క్యాలెండరులో తానే గీత గీసింది.

ఎందుకు 16? ఇది గుర్రం కడుపులో జరిగే కథ, ఏ కల్పిత కథకూ తీసిపోదు. ఫలదీకరణ చెందిన అండం ఐదారు రోజులు అండవాహికలో ఉండి, తర్వాత గర్భసంచిలోకి దిగుతుంది. ఫలదీకరణ చెందని అండాన్ని వాహిక కిందికి పంపదు, అక్కడే నిలిపేస్తుంది. పిండం విడుదల చేసే ఒక రసాయనం వల్లే ఆ దారి తెరుచుకుంటుంది. కిందికి దిగిన పిండం ఒకచోట కుదురుకోదు. గట్టి పొర చుట్టుకుని, గుండ్రంగా, గర్భసంచి రెండు కొమ్ముల్లోనూ ఈ మూల నుంచి ఆ మూలకు 16వ రోజు దాకా తిరుగుతూనే ఉంటుంది. అలా అంతటా తాకుతూ తిరిగితేనే ‘నేను వచ్చాను, మళ్లీ ఎదకు రాకు’ అన్న కబురు తల్లికి అందుతుంది. తిరగడం ఆగిపోతే పచ్చగడ్డ కరిగిపోయి, మళ్లీ ఎద వచ్చి, గర్భం పోతుంది. 16వ రోజుకు పిండం ఒక కొమ్ము మొదట్లో స్థిరపడుతుంది. రెండు పిండాలు ఒకేచోట పక్కపక్కన స్థిరపడితే ఇక విడదీయడం కష్టం.

14వ రోజు తెర మీద నల్లటి వృత్తాలు రెండు కనిపించాయి, ఒక్కొక్కటి ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. బాపు సంతోషం పట్టలేకపోయాడు. ‘‘కవలలు! రెండు పిల్లలు!’’ అన్నాడు. మేకలు, గొర్రెలు ఉన్న ఊళ్లో కవలలంటే ఇంటికి కలిసొచ్చినట్టే కదా. డాక్టరమ్మ పరికరాన్ని కదిలించకుండానే చెప్పింది. గుర్రం మావి గర్భసంచి లోపలి గోడ మొత్తాన్నీ పట్టుకుని ఆహారం తీసుకుంటుంది. ఒక పిల్లకు ఆ గోడ అంతా కావాలి. రెండు ఉంటే గోడను పంచుకుంటాయి, ఏ ఒక్కదానికీ చాలదు. చాలాసార్లు నెలలు నిండకముందే రెండూ పోతాయి. ఆలస్యంగా ఈడ్చుకుపోతే తల్లి ప్రాణానికీ ముప్పే. రెండింటిలో ఒకదాన్ని ఇప్పుడు తీసేస్తేనే రెండోది బతుకుతుంది.

బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘ఏది తీస్తావు బిడ్డా?’’ అని అడిగాడు. ‘‘చిన్నది.’’ పాక బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె చిన్న వృత్తాన్ని పరికరంతో మెల్లగా కొమ్ము చివరకు తరిమి, అక్కడ గోడకు అదిమిపెట్టి నొక్కింది. తెర మీద వృత్తం చెదిరిపోయి, సన్నని నల్లటి గీతగా సాగి, లేకుండా పోయింది. పెద్దది తన దారిన కదులుతూనే ఉంది. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ పని చేయడంలోని దయను మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా అనుమానించలేదు. తర్వాతి స్కానింగులో ఒకటే ఉంది. 25వ రోజు దాటాక చూస్తే దాని లోపల సన్నగా కొట్టుకుంటున్న గుండె కనిపించింది. బాపుకు తెర దగ్గరగా పెట్టి చూపించాం.

ఈ 25వ రోజు పరీక్ష ఎందుకు వాయిదా వేయకూడదో కూడా రాయాలి. 35వ రోజు తర్వాత పిల్ల వైపు కణాలు కొన్ని తల్లి గర్భసంచి గోడలోకి చొచ్చుకుని వెళ్లి చిన్న చిన్న కప్పుల ఆకారంలో కుదురుకుంటాయి. అవి వదిలే హార్మోనుతో తల్లి అండాశయాల్లో అదనపు పచ్చగడ్డలు తయారై గర్భానికి అండగా నిలుస్తాయి. ఆ కప్పులు సుమారు నాలుగో నెల దాకా ఉంటాయి. అవి ఏర్పడ్డాక పిల్ల చనిపోయినా కప్పులు తమ పని మానవు, తల్లి చాలాకాలం సరిగా ఎదకు రాదు. అంటే ఆ ఏడాది పోయినట్టే. ఏ సమస్య ఉన్నా 35వ రోజుకు ముందే తెలియాలి. చూడి గుర్రాల రక్తంలోంచి తీసే ఈ హార్మోనునే పీఎంఎస్‌జీ పేరుతో గొర్రెలను, ఇతర పశువులను ఒకేసారి ఎదకు తెప్పించడానికి వాడతారు.

ఇటుక బట్టీ నడిపే మా చిన్నాయన మధ్యలో ఒకసారి వచ్చి, ‘‘గుర్రానికి గుర్రం ఎందుకు వదినా, మగ గాడిదతో దాటిస్తే కంచర పుట్టేది, రెండు గాడిదల బరువు మోసేది’’ అన్నాడు మా అవ్వతో, అంటే అమ్మతో. అది బలమైన జంతువే, కాదనను. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరకు 63. బేసి సంఖ్య కాబట్టి బీజకణాలు తయారయ్యేటప్పుడు జతలు కుదరవు, దానికి సంతానం ఉండదు. ప్రతి కంచర కోసం మళ్లీ ఒక ఆడ గుర్రం ఏడాది మోయాల్సిందే. పైగా ఇంకో ప్రమాదం. గాడిద రక్తకణాల మీద ఉండే ఒక గుర్తు గుర్రాలకు లేదు. మొదటి కంచర పిల్ల రక్తం తల్లి రక్తంతో కలిస్తే, తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారవుతాయి. రెండో కంచర పుట్టి ముర్రుపాలు తాగితే ఆ ప్రతిరక్షకాలు పిల్ల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పుట్టినప్పుడు చురుకుగా ఉన్న పిల్ల రెండు మూడు రోజుల్లో పాలిపోయి, పచ్చబడి కూలిపోతుంది. గుర్రం పిల్లల్లో అరుదుగా కనిపించే ఈ ఆపద కంచర పిల్లల్లో చాలా ఎక్కువ. తల్లి పాలే పిల్లకు విషమయ్యే ఆ దారికి బాపు ఒప్పుకోలేదు.

బూదిని కూడా అదే ఏడాది దాటించాం, అక్కడ మాకు తెలిసింది వేరు. గాడిదను చిన్న గుర్రమనుకునేవాళ్లకు గాడిద గురించి ఏమీ తెలియనట్టే. దాని ఎద చక్రం 23, 24 రోజులు, ఎద కూడా గుర్రం కంటే ఎక్కువ రోజులు. కాలంతో అంత పట్టింపు లేదు. ఎద వచ్చిన బూది చేసే పని నేను దగ్గరగా కూర్చుని చూశాను. మెడ ముందుకు చాచి, తల దించి, చెవులు వెనక్కి పెట్టి, నోరు తెరిచి మూస్తూ పళ్లు టకటకలాడించేది. పెదాల మూలల నుంచి చొంగ దారంగా జారేది. ఎదలోని గుర్రంలో ఇది కనిపించదు. తెలియనివాళ్లు పంటి నొప్పో, గొంతులో ఏదో అడ్డుపడిందో అనుకుంటారు. మగ గాడిద కూడా మగ గుర్రంలా వెంటనే సిద్ధపడదు. వాసన చూస్తుంది, దూరంగా వెళ్లి నిలబడుతుంది, పేడ మీద పేడ వేసి గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ వస్తుంది. అరగంట, గంట పట్టినా తొందరపెట్టకూడదు. కర్రతో అదిలించేవాళ్లను బాపు దొడ్లోంచి పంపించేశాడు. గడ్డకట్టించిన వీర్యంతో ఆడ గాడిదలకు చూడి నిలవడం గుర్రాల కంటే చాలా తక్కువ. కనుక మంచి మగ గాడిద దొరకడమే అసలు సమస్య.

మల్లె నెలలు నెమ్మదిగానే గడిచాయి. ఏడో నెల దాకా తేలికగా నడిపించాం, ఊరేగింపుల డప్పులకూ, పాటల పెట్టెల మోతకూ దూరంగా ఉంచాం. చివరి మూడు నెలల్లోనే పిల్ల బాగా పెరుగుతుంది, అప్పుడు ఉలవలు ఉడకబెట్టి పెంచాం. తవుడు తగ్గించమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడే ప్రధాన మేపుగా పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ఈనడానికి నెలా నెలన్నర ముందు ధనుర్వాతం టీకా వేయించాం. గుర్రం మావి గుండా తల్లి రక్షణ పిల్లకు అందదు. పిల్ల ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ముర్రుపాలే దానికి మొదటి టీకా. ఆ పాలలోని రక్షణను పేగు పీల్చుకునేది పుట్టిన కొద్ది గంటలే, 24 గంటలు గడిచాక తలుపు పూర్తిగా మూసుకుపోతుంది.

గర్భకాలం సగటున 340 రోజులు, 320 నుంచి 365 దాకా ఎప్పుడైనా ఈనవచ్చు. అందుకే తేదీ కంటే పొదుగునే నమ్మాలి. పొదుగు నిండింది, తోక మొదట్లో కండరాలు వదులయ్యాయి, చనుమొనల చివర మైనంలాంటి పసుపు బొట్లు గట్టిపడ్డాయి. అవి కనిపించాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఈనుతుంది. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూట, మనుషులు పక్కన లేనప్పుడు ఈనుతాయి. మేం దూరంగా, మసక వెలుతురులో కూర్చున్నాం. ఉమ్మనీరు పగిలాక అరగంటలోపు పిల్ల రావాలి. మొదట కనిపించాల్సింది తెల్లటి పొర. ఎర్రగా, మెత్తని ముఖమల్ గుడ్డలాంటిది కనిపిస్తే మావి ముందే విడిపోయిందని, పిల్లకు ఊపిరి అందడం లేదని అర్థం. అప్పుడు ఎవరి కోసమూ ఆగకుండా చింపి పిల్లను లాగాలి. మల్లెకు తెల్లటి పొరే వచ్చింది. ముందు కాళ్లు రెండు, ఒకటి కొంచెం వెనకగా, వాటి మీద ముక్కు. నేను మొదట చూసింది గిట్టలు. వాటి కింద పసుపుపచ్చని మెత్తటి కుచ్చులు వేలాడుతున్నాయి. తల్లి గర్భసంచి చిరగకుండా గిట్టల పదునును కప్పి ఉంచే తొడుగు అది. పిల్ల నిలబడి నడిచే కొద్దీ అరిగి రాలిపోయింది.

పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మావి పడాలి. ఈ మూడింటినీ బాపు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. మావి పడ్డాక పారేయలేదు. నేల మీద పరిచి రెండు కొమ్ముల చివరలూ ఉన్నాయో లేదో చూశాం. చిన్న ముక్క లోపల మిగిలినా గుర్రానికి విషజ్వరం, గిట్టల వాపు వస్తాయి. బొడ్డుతాడు మేం కోయలేదు, దానంతట అదే తెగింది. ఆడపిల్ల పుట్టింది. ఆడ గుర్రం పుట్టిందని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను.

ఈనిన వారం పది రోజులకే మల్లె మళ్లీ ఎదకు వచ్చింది. గుర్రాల్లో ఇది సహజం. మగ గుర్రం యజమాని ఫోను చేసి, ‘‘ఇప్పుడే దాటించు అన్నా, ఏడాదికో పిల్ల’’ అన్నాడు. స్కానింగులో గర్భసంచిలో ఇంకా నీరు కనిపించింది. ఆ ఎదను వదిలేశాం. తర్వాతి ఎదకు దాటించినా, ఏడాది విడిచిపెట్టినా నష్టం లేదని బాపు అన్నప్పుడు ఊరేగింపుల లెక్క కాక మల్లె ఒంటి లెక్క వేస్తున్నాడని నాకు అర్థమైంది.

బూది మాత్రం ఏడాది నిండినా ఈనలేదు. గాడిద గర్భం 12 నెలలు, 13, 14 నెలల దాకా మోసినవీ ఉంటాయి. కంగారుపడి ఇంజెక్షన్లతో ఈనిపించకూడదు. దానికి మేం భయపడింది ఇంకో విషయానికి. చూడి గాడిద ఏ కారణం చేతనైనా మేత మానేస్తే ఒంట్లోని కొవ్వు రక్తంలోకి పోటెత్తి, కాలేయం దెబ్బతిని, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. బలిసిన గాడిదకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కనుక దానికి ఉలవలు కూరలేదు, ఉపవాసమూ పెట్టలేదు. జొన్న చొప్ప, వరిగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచాం, దానికి తోడుగా ఉండే ఇంకో గాడిదను దాని పక్కనుంచి కదిలించలేదు. మేత అర పూట వదిలినా డాక్టరమ్మకు ఫోను చేసేవాళ్లం. చివరికి మగపిల్లను ఈనింది. వారం తిరగకుండానే పాల కోసం మనుషులు వచ్చారు, ఉబ్బసానికీ పసిపిల్లల దగ్గుకూ మంచిదని. ఆ మాటకు సరైన రుజువు నాకెక్కడా కనిపించలేదు. బూది పొదుగులో పట్టేదే కొంచెం, అది పిల్లకే సరిపోవాలి. బాపు ఎవరికీ ఇవ్వలేదు.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద మిగిలిన గాడిదలు సుమారు 1 లక్షా 20 వేలు. 2012తో పోలిస్తే 61 శాతం తగ్గాయి. ట్రాలీ ఆటోలు, వాషింగ్ మెషీన్లు వచ్చి పని పోయింది నిజమే, తోలు కోసం, మాంసం కోసం దొంగచాటుగా తరలించిందీ నిజమే. ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లను కనే జంతువు ఇంత వేగంగా తగ్గితే అంతే వేగంగా కోలుకోలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పశుసంపద మిషన్‌లో గుర్రాలు, గాడిదలు, కంచరలు, ఒంటెల పెంపకాన్ని చేర్చి 50 శాతం పెట్టుబడి రాయితీ, గరిష్ఠంగా 50 లక్షలు ప్రకటించింది. రాయితీ సరే, మా చుట్టుపక్కల బూదికి రక్తసంబంధం లేని మగ గాడిద ఎక్కడుంది? ఈసారి దాటించింది ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్నదాన్ని, దాని యజమాని ఇప్పుడు అమ్మేశాడు. పరకాల, భూపాలపల్లి, ములుగు, హుజూరాబాద్ వైపు ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా ఉన్న మగ గాడిద ఉంటే, విత్తు కొట్టించకుండా ఉంచండి. మాకు కబురు చేయండి. రక్త పరీక్షల ఖర్చు మేమే పెట్టుకుంటాం, వచ్చే వానాకాలానికి బూది మళ్లీ సిద్ధంగా ఉంటుంది.